మెరక

ముస్లిఖా ఇంట్లో నేల ఎత్తడం ఇది మూడోసారి.
మొదటిసారి మూరెడు.
రెండోసారి నడుం దాకా. కిటికీ అప్పుడే గుమ్మమైంది.
ఈసారి ఎంత పొయ్యమంటావంటే
"నా కూతురి నెత్తికి దూలం తగలనంత" అంది.
టేపు పట్టి చూశాను.
పిల్ల ఎదిగినంత, ఇల్లు తరిగింది.

నేను జుమారిని.
డెమాక్ తీరంలో మెరక పోసే మేస్త్రీని.
లోతట్టు కొండని తవ్వి లారీలకెత్తుతారు.
తారురోడ్డు నీళ్లలోకి దిగిపోయే చోట లారీ ఆగుతుంది.
అక్కణ్ణుంచి నా పడవ, నలభై బస్తాలు ఒక ట్రిప్పు.
ఆ కొండ సగం ఇప్పుడు మా వాళ్ల పడగ్గదుల్లో ఉంది,
మంచాల కింద, పొరలు పొరలుగా.

ఈ ఇంట్లోకి ఎవరొచ్చినా తల వంచే వస్తారు.
వడ్డీ వసూలుకొచ్చిన కుర్రాడూ వంచాడు.
మర్యాద కాదు, దూలం.
సంబంధం మాట్లాడ్డానికొచ్చినవాళ్లు
వంగి వచ్చారు, టీ తాగారు, వంగే వెళ్లారు.
మళ్లీ కబురు లేదు.
పిల్ల ఏమీ అనలేదు.
తెల్లారకముందే చెప్పులు చేత పట్టుకుని
మోకాటి నీళ్లలో నడిచి
బూట్ల ఫ్యాక్టరీ బస్సెక్కింది.

నాలుగు చెరువులుండేవి వాళ్లకి. పాలబొంత చేపలు పెంచేవాళ్లు.
గట్లు ఎక్కడున్నాయో ఇప్పుడు
పాతిన వెదురుకర్రలకే తెలుసు.
ఆమె మొగుడు తన చెరువు మీదే పడవ నడిపి
తనవి కాని చేపలకి వల వేస్తాడు.
శిస్తు కాగితం మాత్రం ఏటా పడవెక్కి వస్తుంది.
ఆఫీసుకెళ్లి అడిగాడు.
పన్ను దగ్గరికొస్తే అది భూమి,
పరిహారం దగ్గరికొస్తే సముద్రం.
"భూమి నీళ్లపాలు, డబ్బు మట్టిపాలు" అని
ముస్లిఖా నా బస్తాల వైపు చూసింది.

ఆ చూపుకి నేను బాకీ.
ఈ పదేళ్లూ నాకు పని చూపించింది సముద్రమే.
పున్నమి పోటు పెరిగితే
నా ఫోను మోగేది.
మా ఆవిడ గాజులు, పడవకి మోటారు, పెద్దాడి కాలేజీ,
అన్నీ ఎవరో ఒకరి ఇంట్లో జానెడు ఎత్తు.
రాత్రి అలల చప్పుడు వింటూ
వేళ్లమీద లెక్కలు వేసుకున్నాను.
ఎవరికీ చెప్పలేదిది.

ఈసారి ఆమె దగ్గర డబ్బు లేదు.
"పాత తలుపు తీసుకో, టేకుది" అంది.
సగం మట్టిలో ఉంది.
పూడ్చింది నేనే, తవ్విందీ నేనే.
నా తాపీ గుర్తులు నాకే ఎదురొచ్చాయి.
పై సగం అమ్మితే ఇరవై మూడు బస్తాలొచ్చాయి,
మిగతావి నా ఖాతాలో రాసుకున్నాను.
కింది సగాన్ని ఉప్పు తినేసింది, ఎవరూ కొనరు.
దానిమీద మేకుతో గీసిన గీతలున్నాయి,
రెండేళ్లప్పటిది, మూడేళ్లప్పటిది, నాలుగు,
పక్కన పిల్ల పేరు.
ముస్లిఖా దాన్ని కడిగి
గోడకి ఆనించింది, ఏమీ అనకుండా.

నేల చదును చేసి
పిల్లని నిలబెట్టి కొలిచాను.
నెత్తికీ దూలానికీ మధ్య
నాలుగు వేళ్ల సందు.
"ఎన్నాళ్లొస్తుంది?" అంది తల్లి.
రెండేళ్లు అన్నాను.
రేటు చెప్పే గొంతుతోనే అన్నాను.