అడుగు అర

అడుగు అర ఖాళీగానే ఉంచాలి.
నేను చేరిన రోజు హెడ్ క్లర్కు సదాశివయ్య గారు
చెప్పిన మొదటి మాట.
ఎందుకంటే, "మా ముందరాయన ఉంచాడు" అన్నారు.
ఆ ముందరాయనా అదే అని ఉంటాడు.

మూసీ గట్టున, పాత బీరువాల కొలతకు కట్టిన
రాతి భవనం మాది. దేశం పేరు గేటు మీద ఉంది గానీ
ఒకటో నంబరు నుంచి పదకొండు వేల ఆరు వందల దాకా
పుస్తకాలన్నీ ఒక్క మనిషివి:
దివాన్ రాయ్ గిర్వర్‌లాల్.
పగలు సంతకాలు, రాత్రి చదువు.
ఆయన పోయాక పదిహేడు ఎడ్లబండ్ల మీద వచ్చాయట,
చాదర్‌ఘాట్ వంతెన దాటి,
వాన తగలకుండా పెళ్ళి షామియానాలు కప్పుకుని.

నా పని కార్డులు రాయడం.
ఫార్సీ నాకు రాదు. ఖుర్షీద్ ఆపా చదివి చెబుతుంది.
మధ్యాహ్నానికి ఇద్దరి వేళ్ళదీ ఒకటే రంగు.

నిన్న ఒక గజళ్ళ పుస్తకం.
మూడో గజల్ పక్కన పెన్సిల్ అంకెలు.
ఆపా కళ్ళజోడు సర్దుకుంది.
"ఇది ఇష్క్ కాదమ్మా, జొన్నలు."
నల్లగొండకు ఎనభై బండ్లు. పాలమూరుకు నూట పది.
కొట్టేసి, మళ్ళీ రాసి,
కింద చీమంత అక్షరాల్లో: చాలవు.
అదే పేజీలో కవి
ప్రియురాలి గుమ్మం ముందు దాహంతో పడి ఉన్నాడు.

ఈ కార్డు ఏ డ్రాయర్లో వెయ్యను?
కవిత్వమా, రెవెన్యూనా?
"పుస్తకం ఏదైతే అదే" అన్నారు సదాశివయ్య గారు.
పుస్తకం ఏది?

వెతికితే, నాకంటే ముందే ఎవరో
ఈ తగవు పడ్డారు.
చీటీ అంటించని చివరి డ్రాయర్.
నలభై రెండు కార్డులు, నాలుగు చేతిరాతలు:
వ్యాకరణం అంచున బావుల లెక్క,
జ్యోతిషం వెనక ఖైదీల పేర్లు,
వంటల పుస్తకంలో కలరా.
పై ఊళ్ళ నుంచి పిల్లలు పరిశోధనకొస్తే
ముందు అడిగేది ఆ డ్రాయరే.

అడుగు అర సంగతీ అందులోనే దొరికింది.
తోటల మీద ఓ పుస్తకం, అట్ట ఉబ్బిపోయి.
ఆపా ఆగి ఆగి చదివింది:
"ఏరు గదిలోకి వచ్చింది. కింది వరస పోయింది.
కింద తెలుగువి ఉండేవి.
చదవడం నాకు రాదు గనక కింద పెట్టాను."
సంతకం లేదు,
రోజుకు వంద పెట్టే మనిషిది.

ఈ సాయంత్రం కొత్తగా వచ్చిన తెలుగు పుస్తకాలకు
నంబర్లు వేసి నిచ్చెనెక్కాను.
కింద పట్టుకుని నిలబడ్డ ఆపా అడిగింది:
"అంత పైన పెడితే
ఎవరి చేతికి అందుతాయమ్మా?"