నీళ్ల గుర్తు

మొదట్ల మూలకు పెట్టిన,
మైసమ్మ ఫోటో స్టూడియో, చండూరు అని
తెల్ల అక్షరాలతోని, చిన్నగ.
మునుగోడు ఫ్లెక్సీ పిలగాడు
ఆ మూలనే కత్తిరించిండు.
నా సెల్ నంబరు కూడ దాంతోనే పోయింది.

తర్వాత నడుమకు జరిపిన,
పెండ్లికొడుకు మెడ మీదికెల్లి అడ్డంగ.
పెండ్లోళ్లు అలిగిన్రు.
అంతల ఏదో యాప్ వచ్చిందట, వేలుతో రుద్దితే చాలు,
పలక మీది బలపం గీత లెక్క పోయింది.

నల్లగొండల ఇంజినీరింగ్ చదివే తబస్సుం
సెలవులకొచ్చి, కౌంటర్ మీద మోచేతులానిచ్చి చెప్పింది:
"ఉప్పు కుప్ప పోస్తే ఎవడన్న ఎత్తుకపోతడు అన్నా,
నీళ్లల్ల కలుపు.
ఖాళీ ఆకాశంల దాచకు, తుడిస్తే పోతది.
జుట్టు పాయలల్ల, చీర మడతలల్ల,
గుట్ట మీది గుండ్ల గరుకుల
చిటికెడు చిటికెడు చల్లు.
తియ్యాలంటే
బొమ్మనే చెడగొట్టుకోవాలె వాడు."

ఆ రాత్రి ఇద్దరం కూసొని
ఒక్క ఫోటోను సతాయించినం.
గుంజినం, కుదించినం,
వాట్సాప్‌ల పదిమందికి తిప్పి తెప్పించినం,
ప్రింటు తీసి, నలిపి, మళ్ల సెల్లుతోని కొట్టినం.
ప్రతిసారి ఆమె ల్యాప్‌టాప్
కొంచెంసేపు ఆలోచించి, ఉంది అన్నది.
ఒక్కసారి మాత్రం, మరీ మసక చేస్తే, లేదన్నది.
"గంత మసకైతే దొంగకు మాత్రం ఏం పనికొస్తది?"

ఆ ఫోటో జంగమ్మది.
మర్రిగూడ తొవ్వల మేకలు కాస్తుంటే తీసిన.
మేకపిల్ల కొంగు నములుతుంటే
నోరంత తెరిచి నవ్వింది.
పండ్ల మీద గోధుమరంగు చారలు,
చిన్నప్పటి సంది తాగిన బోరింగు నీళ్లు
లోపలికెల్లి రాసిన రాత.

ఎండకాలం, నల్లగొండ గడియారం కాడ
ఇంత పెద్ద ఫ్లెక్సీ.
వాటర్ ఫిల్టర్ కంపెనీ. జంగమ్మ నవ్వు.
ఫోటో కొట్టి తబస్సుంకు పంపిన.
చాయ్ తాగేలోపల ఫోన్ చేసింది:
"ఉంది అన్నా! జుట్టుల ఉంది, చీరల ఉంది.
పండ్లల్ల ఒక్కటే లేదు."

తలెత్తి మళ్ల చూసిన.
సున్నం కొట్టిన గోడ లెక్క ఉన్నయి పండ్లు.
నా పేరు పోకుండ ఎన్ని తిప్పలు పడ్డనో.
ఆమె పండ్ల సంగతి మతికే రాలేదు.

జంగమ్మను బస్సెక్కించి తీసుకొచ్చిన.
ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకొని చూసింది.
"చీర నాదే. మేకపిల్ల నాదే.
గీ నోరెవ్వలిది?"
కింద రాసింది చదివి చెప్పిన.
"నీళ్లు పెట్టిన గుర్తు తుడిసినోడే
మాకు నీళ్లమ్ముతున్నడా" అని
మళ్ల నవ్వింది, అట్లనే, నోరంత తెరిచి.

ఆ దినం నేను కెమెరా తేలేదు.