ముల్లు లేచేదాకా

తెల్లారుజాము నాలుగూ నలభై.
అనంతపురం డిపోలో ఇంజను మొదలుపెట్టి
కుల్లాయప్పన్న బండి కదిలించడు.
గాలి మీటరు అద్దాన్ని వేలితో రెండుసార్లు తడతాడు.
ముల్లు లేచేదాకా
బీడీ కాల్చినంతసేపు ఊరికే కూర్చుంటాడు.
"గాలి పట్టందే బ్రేకు పడదు పాపా,
బ్రేకు లేని బండికి దేవుడు కూడా టికెట్టు కొనడు."

ఇరవై రెండేండ్లు, ఒక్క యాక్సిడెంటు లేదు.
డిపో గోడమీద పెయింటుతో ఆయన పేరుంది.

అట్లాంటి మనిషి జేబులోంచి
చిల్లర తీస్తుంటే ఒకరోజు
మాత్రల అట్ట జారి నా కాళ్లకాడ పడింది.
పది గుంతల్లో తొమ్మిది నిండుగా ఉన్నాయి.
అట్ట మీద తేదీ మాత్రం పోయిన్నెలది.

"తలకాయ నొయ్యలేదు, కండ్లు తిరగలేదు,
ఉత్తపుణ్యానికి మందెందుకు మింగాల?"
పెన్నలో చుక్క నీళ్లు లేవు.
పోటంతా ఈయన నరాల్లో.

"బండికుంది గానీ నీకు మీటరు లేదు కదన్నా
తట్టి చూసుకోడానికి" అన్నా.
నవ్వినాడు.
కళ్యాణదుర్గం బస్టాండులో ఉగ్గాని మీద
ఇంకింత ఉప్పుకారం చల్లించుకున్నాడు.

తిట్టినా.
ఆయన పెండ్లాం తిట్టింది, డాక్టరు తిట్టినాడు,
మేనేజరు పిలిపించి మరీ తిట్టినాడు.
తిట్లూ మాత్రల మాదిరే,
ఏవీ మింగలేదాయన.

బండి అరగంట ఆగినప్పుడు
చెయ్యి పట్టుకుని ఆస్పత్రికి లాక్కుపోయినా.
నర్సు ఎస్తేరమ్మ పట్టీ చుట్టి, గాలి కొట్టి,
నూట ఎనభై అని రాసుకుంది. అరవలేదు.
"మాత్రలు వేసుకుంటాండావా" అనలేదు.
దానికి ఎవురైనా ఊ అనే అంటారు.
"పోయిన వారం ఎన్ని తప్పినాయి?" అనడిగింది,
అందరికీ తప్పుతాయన్నట్టు.

నన్ను చూసినాడు. నేల చూసినాడు.
"ఐదు."
కాసేపాగి, "ఆరు."
"ఎందుకన్నా?"

మూడేండ్లలో ఆ మాట అడిగినోళ్లు లేరు.

గొంతు తగ్గించి చెప్పినాడు:
"అది మింగితే గంటకోసారి ఒంటికి పోవాల తల్లీ.
అరవై మందిని రోడ్డుమీద నిలబెట్టి
తుమ్మచెట్టు చాటుకి ఎట్లా పోయేది?
ఎనక నుంచి ఈలలేస్తారు."

నేను తల తిప్పుకున్నా.
మధ్యాన్నం దాకా గుక్కెడు నీళ్లు తాగకుండా
ఇదే బండిలో నాలుగేండ్లుగా టికెట్లు కొట్టేదాన్ని,
ఎందుకు తాగనో తెలిసినదాన్ని,
నాకే తట్టలేదు.

ఎస్తేరమ్మ లోపలికి పోయి డాక్టరుతో మాట్లాడింది.
మందు మారింది, రంగు మారింది.
"బాగుంది కదా అని ఆపేస్తావేమో,
బాగుండేది దీనివల్లేనన్నా" అంది.
రోజుకొక్కటి. తెల్లారే.

ఇప్పుడు ముల్లు లేచేలోపు మాత్ర లోపలికి పోవాల.
పోయేదాకా నేను రైట్ చెప్పను.
ముందు సీటు శెనక్కాయల ముసలాయన గొణుగుతాడు,
కాలేజీ పిల్లోళ్లు తలుపు కొడతారు.
చెప్పను.

బుధవారం ఆయనకు సెలవు.
ఐదింటికి నా ఫోన్ ఒక్కసారి మోగి ఆగిపోతాది.
మింగినానని.

గూగూడు పీర్ల పండగకు పోయినాడు.
మూడురోజులు ఫోన్ మోగలేదు.
నాలుగోరోజు చీకట్లో
అగ్గిగుండం బూడిద వాసనతో వచ్చి
నేనడక్కముందే
"మూడు తప్పినాయి పాపా" అన్నాడు.

ఏమీ అనలేదు నేను.
అద్దం తట్టినాడు. మాత్ర మింగినాడు.
ముల్లు మెల్లగా లేస్తాంది.
నోటిదాకా వచ్చిన రైట్‌ని
ఆయన చెయ్యెత్తి ఆపినాడు.

"మరి నువ్వు? నీళ్లు తాగినావా?"

సంచిలో సీసా
నిన్న పట్టింది పట్టినట్టే ఉంది.
మూత తీసినా.