రెండు నలుపులు

పాత సోవియట్ పుస్తకంలోంచి చించిన బొమ్మ అది.
చర్చివీధి పాతపేపర్ల అంగట్లో
కిలో లెక్కన కొన్న కట్టలో దొరికింది.
ఎవరో రష్యా పెయింటర్ని
ఇంకో రష్యా పెయింటర్ గీసినాడు,
నూటయాభై ఏండ్ల కిందట.
పేర్లుండే మూల చెదలు తినేసింది.

గిరింపేటలో మా రేకుల షెడ్డు గోడకి
మైదాపిండితో అంటించినాడు చెంగల్రాయులు.
"చూడు ఎత్తిరాజూ,
కోటు నలుపు. వెనక చీకటీ నలుపే.
రెండూ కలిసిపోకుండా ఎట్లా ఆపినాడో!"

మాకుండేది ఒకటే నలుపు,
లీటరు డబ్బాలో వచ్చేది.
లారీ వెనక 'సౌండ్ హారన్'కీ
ఎలక్షన్ గోడలకీ
తద్దినానికని ఇచ్చిపోయిన ఫోటోల మీసాలకీ
అదే.

పనిలేని మధ్యాహ్నాలు ఆ బొమ్మ మీదే కొట్లాట.
గడ్డం గీసినాడు, కండ్ల కింద సంచులు గీసినాడు,
చేతులెందుకు గీయలేదు?
"పొద్దు చాల్లేదేమో" అని నేను.
"అప్పు పుచ్చుకున్న చేతులేమోరా" అని రాయులు.
నవ్వి, టర్పెంటైన్ గుడ్డతో తన వేళ్లు తుడుచుకునేవాడు
ఒక్కొక్కటే,
చంటిబిడ్డ ముక్కు తుడిచినట్టు.

ఫ్లెక్సులొచ్చినంక
మామిడిగుజ్జు ఫ్యాక్టరీకి పోయినాడు,
డబ్బాలకి లేబుళ్లు అంటించేదానికి.
నేను ఉండిపోయినా. నంబర్ ప్లేట్లుండాయి కదా.

మొన్న ఆదివారం వచ్చినాడు.
టీ గ్లాసు రెండుచేతులా పట్టుకున్నాడు,
అయినా చొక్కా మీద మూడు చుక్కలు.
నేనేమీ అడగలా.
"కూర్చో," అన్నా, "నిన్ను గీస్తా."

పాత సినిమా బోర్డు రేకు, వెనకవైపు.
ముందువైపు ఎవరో హీరోయిన్ చెవికమ్మ
ఇంకా మెరుస్తానే ఉంది.
వాడి చొక్కాకి నలుపులో రోంత ఎరుపు,
వెనక చీకటికి నలుపులో రోంత నీలం.
ఇంతేనా!
ముప్పై ఏండ్లు పట్టింది మాకు.

మెడ దాకా బాగానే వచ్చింది.
చేతుల కాడ బ్రష్ ఆగింది.
ఆగడం వాడూ చూసినాడు.
"గీయరా. వణికేటట్టే గీయి."
వణుకు ఎట్లా గీస్తారో నాకు రాదు.
రెండు చేతులూ ఒడిలో పెట్టి
మీద మా టర్పెంటైన్ గుడ్డ కప్పినా.

కంట్లో తెల్లచుక్క ఒకటే మిగిలింది.
బ్రష్ లాక్కున్నాడు.
ఊపిరి బిగబట్టినాడు. నేనూ బిగబట్టినా.
పడాల్సిన చోట పడలా చుక్క.
రవంత పక్కకి జరిగి కూర్చుంది.

తుడవబోతే వద్దన్నాడు.
ఇప్పుడా రేకులో రాయులు నన్ను చూడడు.
తలుపు దిక్కు చూస్తాడు,
బేరం ఏదో వచ్చినట్టు.