రెండు పాయింట్ తొమ్మిది

కర్నూలు రోడ్డు మీద
చీమకుర్తి కంటే ముందు దాని దుమ్ము ఎదురొస్తుంది.
స్కూటీ అద్దంలో నా కనుబొమలకు
పదేళ్లు పైబడతాయి.

ఈ ఏడు నాకు పడిన బ్యాచ్ ముగ్గురు:
జిలాని, ఎస్తేరు, చెన్నకేశవులు.
టాపిక్ కంపెనీదే.
రాయి కోసేటప్పుడు కారే బురదతో ఇటుకలు.
నల్లరాతిలో చుక్కలు మెరుస్తాయే,
ఆ రాయి ఓడెక్కి పోతుంది.
బురద మాత్రం ఇక్కడే
గుంటల్లో ఆరి, తెల్లబడి,
గాలి లేచినప్పుడల్లా ఊళ్లోకి నడిచొస్తుంది.

ఫ్యాక్టరీ తరఫు గైడ్ మాల్యాద్రి గారు.
మొదటిరోజే హెల్మెట్లిచ్చి, టీ ఇచ్చి,
"మాకు ఫొటో పడాల మేడం,
ఇటుక పట్టుకోని పిల్లోళ్లు నవ్వతా ఉండాల" అన్నాడు.
మంచివాడే. బురద డ్రమ్ములు
సొంత ట్రాలీలో ఒంగోలుకు తోలించాడు.
ఆయన లెక్కలో ప్రయోగమంటే
అప్పటికే అయిపోయిన పని.

నేను నేర్పిందేముంది,
జల్లెడ కన్ను ఎంత ఉండాలో,
నీళ్లు కొలిచి పోయాలని,
తేదీ వేయని అంకె అంకే కాదని.
ఎస్తేరు బురదను వేళ్ల మధ్య నలిపి
"మా అమ్మ ముగ్గుపిండి ఇంతకన్నా గరుకు మేడం" అంది.
అది ఏ చాప్టర్లో రాయించాలో
నాకు తోచలేదు.

ఇరవై ఎనిమిది రోజులు
వంతులేసుకుని గోనెపట్టాలు తడిపారు.
ఉపవాసం నెలలో జిలాని
తన గొంతు ఎండబెట్టుకుని
ఇటుకల గొంతు తడిపాడు.

మెషిన్ నొక్కగానే మొదటిది
చెప్పాపెట్టకుండా విరిగింది.
రెండు పాయింట్ తొమ్మిది.
కావాల్సింది మూడున్నర.
రెండోదీ అంతే.
మూడోది ఇంకా తక్కువ.

కేశవులు పెన్ను పట్టుకుని
కాగితం మీది రెండునే చూస్తున్నాడు.
రెండుకీ మూడుకీ మధ్య ఎంత దూరం?
తోకను కాస్త లోపలికి ముడిస్తే చాలు.
"ఎవురు చూస్తారు మేడం."

ఎవరూ చూడరు. నాకు తెలుసు.
ఇరవై రెండేళ్ల కిందట నేనూ
ఒక ఆరు నెత్తిన
బుల్లి సున్నాను కూర్చోబెట్టాను.
ఎనిమిదై కూర్చుంది.
డిస్టింక్షన్ వచ్చింది.
నీలం అట్ట, బంగారు అక్షరాలు,
లైబ్రరీలో మూడో బీరువా, కింది అర.
ఇన్నేళ్లలో ఒక్కరూ తెరిచి ఉండరు.
ఆ ఊరు వెళ్లినప్పుడు నేను మాత్రం
ఆ వీధి తప్పించుకుని
చుట్టు తిరిగి పోతాను.

వీళ్లకు చెప్పాలా వద్దా?
దారి చూపేవాళ్లు
తాము తప్పిన మలుపు కూడా చూపాలేమో.
మెషిన్ ఆపి, పెళ్లల మధ్య నిలబడి చెప్పాను.
ముగ్గురూ నా ముఖం వైపు చూడలేదు,
నా చెప్పుల వైపు చూశారు.
ఫ్యాను తిరిగే చప్పుడొక్కటే.
తర్వాత కేశవులు
పెన్ను మూత వెతుక్కున్నాడు.

మాల్యాద్రి గారికి ఫోన్ చేశాను.
"నలభై పాళ్లు బురదయితే నిలవదని తేలిందండీ."
"పనికి రాలేదని చెప్పకుండా
తేలింది అంటారేంది మేడం?"
ఆయన వెనకాల రంపం రాయిని కోస్తూనే ఉంది.
చాలాసేపు ఆయన మాట్లాడలేదు, పెట్టేయనూ లేదు.
"మరి ఇరవై పాళ్లయితే?"

ఇరవై పాళ్లకు టైము లేదు.
ఎల్లుండి వైవా.
వచ్చే ఏడు బ్యాచ్‌కు అని
నా డైరీలో రాసుకున్నాను, తేదీ వేసి.

ఫొటో దిగారు.
తలో సగం ఇటుక చేతిలో.
నవ్వింది జిలాని ఒక్కడే,
అదీ ఎస్తేరు కాలు తొక్కితే.
రిపోర్టు యాభై ఆరో పేజీలో
రెండు, చుక్క, తొమ్మిది
ఉన్నచోటే ఉన్నాయి.
కింద నా సంతకం
ఎప్పటికన్నా కొంచెం వంకరగా.

మిగిలిన ముక్కల్లో ఒకటి
ల్యాబు తలుపుకు అడ్డం పెట్టాం.
మధ్యాహ్నం గాలి ఎంత కొట్టినా
తలుపు మూసుకోవడం లేదు.