కోళ్ల కింద రాళ్లు

ఒంగోలు చర్చి సెంటర్లో అది మూడో షాపు.
జేబులోంచి టేపు తీసి
పసిపిల్ల మంచానికి పట్టాను.
సేల్స్ కుర్రాడు నవ్వాడు,
"పాప పొడుగు కొలుచుకొచ్చావా అన్నా?"
పాపది కాదబ్బాయ్,
మా మంచం ఎత్తు కొలుచుకొచ్చా.
పరుపుతో కలిపి ఇరవై ఆరున్నర అంగుళాలు.

చీమకుర్తిలో కోత మిషను పని నాది.
మిల్లీమీటరు తేడా వస్తే
పలకను పక్కన పడేసే చోట
పన్నెండేళ్లుగా బతుకుతున్నా.

రూతుకి కుట్లింకా పచ్చి.
నేల మీదికి వంగలేదు,
రాత్రికి నాలుగుసార్లు దిగి నడిచే ఓపిక లేదు.
మా ఇద్దరి మధ్యనే పడుకోబెడదామా అంటే
నిద్రలో చేతులు విసురుతాను నేను,
కలలో కూడా రాయి తిప్పుతున్నట్టు.
ఉయ్యాల కట్టమంది సంతోషమ్మత్త.
రేకుల ఇంటికి దూలమేది?
ఇనప పైపుకి చీర కట్టి ఊపితే
పైకప్పంతా మూలుగుతుంది.

అందుకని ఈ పక్క మంచం.
ఒక వైపు కమ్మీలు దించితే
పిల్ల అమ్మ పక్కలోకి వచ్చినట్టే, రాకుండానే.
ఆస్పత్రిలో నర్సమ్మ ఫోన్లో బొమ్మ చూపించింది.
బొమ్మలో రెండు మంచాలూ ఒకటే నేల.

షాపులో ఏదీ అందదు.
గులాబీ రంగుది పంతొమ్మిది.
దోమతెర ఉన్నది ఇరవై ఒకటి.
చక్రాలది ఎంత లాగినా ఇరవై రెండున్నర,
నాలుగు వేల ఎనిమిది వందలు, బేరం లేదు.
"నాలుగంగుళాలేగా అన్నా, ఏమవుద్ది?"
వాడికింకా పెళ్లి కాలేదు.
నాలుగంగుళాలంటే
పదిరోజుల పిల్ల మొహమంత.

ఉత్త చేతుల్తో బస్సెక్కాను.
కర్నూలు రోడ్డు పొడుగునా
ఎదురొచ్చే లారీల మీద నల్ల దిమ్మెలు.
కిటికీ పక్కన కూర్చుని ఒకటే లెక్క:
చక్రాల కింద చెక్క పెడితే? కదిలితే?
ఇటుక పెడితే? ఒరిగితే?
పిల్లది ఎలా ఎత్తాలా అనే తప్ప
ఇంకో వైపు బుర్ర తిరగలేదు.

ఇంటికొచ్చి చెప్పులిప్పుతూ
నేల మీద కూలబడితే అప్పుడు కనపడ్డాయి.
మా మంచం నాలుగు కోళ్ల కింద
నాలుగు గెలాక్సీ ముక్కలు.
పెళ్లైన కొత్తలో నేనే తెచ్చి పెట్టినవి,
కిందికి ట్రంకు పెట్టె పట్టాలని.
నల్లరాతిలో బంగారు నలుసులు,
దుమ్ము కింద ఎనిమిదేళ్లుగా.
ఒక్కోటి నాలుగంగుళాలు.
నా కోతే. తేడా రాదు.

ఇక ఖాళీ చెయ్యడం:
ట్రంకు పెట్టె, ఎర్రగడ్డల గంప,
పోయినేటి క్రిస్మస్ స్టారు,
ఎప్పుడూ పెట్టుకోని నా దుమ్ము మాస్కులు,
ఎవరిదో ఒంటి చెప్పు.
పక్కింటి ఏసోబు, వాళ్ల తమ్ముడు
ఆ పక్కా ఈ పక్కా మంచం ఎత్తి పట్టారు.
రూతు గోడకానుకుని
పిల్లని భుజానేసుకుని చూస్తా ఉంది.
"అందరూ పైకి రావాలని చూస్తారు,
నువ్వేందయ్యా దించుతున్నావు?"
నవ్వితే కుట్లు లాగుతాయని
పెదాలు బిగబట్టి నవ్వింది.

తెల్లారి మళ్లీ అదే షాపు, అదే కుర్రాడు.
బిల్లు మీద ఏం పేరు రాయమంటావన్నాడు.
పిల్లకింకా పేరు పెట్టలేదు.
"చీమకుర్తి పాప" అని రాసుకున్నాడు.

మంచానికి మంచాన్ని
నవారుతో రెండు చోట్ల బిగించి కట్టాను.
టేపు పట్టాను. తేడా సున్నా.
రూతు వైపే కట్టాను, నా వైపు కాదు.
ఎంత రుద్ది స్నానం చేసినా
రాతి పొడి నాలో ఎక్కడో ఉంటుంది,
దగ్గినప్పుడు తెలుస్తుంది.
నేను గోడ వైపుకి ఇంకాస్త జరిగాను.

రాత్రి మూడింటికి పిల్ల కుయ్యిమంది.
రూతు లేవలేదు.
చెయ్యి చాపింది, అంతే.

ఇల్లు ఇరుకైపోయింది, ఎర్రగడ్డలు వంటింట్లో దొర్లుతున్నాయి.
పొద్దున్నే మొహం కడుగుతూ చూశాను,
వాకిట్లో పడేసిన నాలుగు ముక్కల మీదా
ఏసోబు వాళ్ల పెట్టలెక్కి ముడుచుకున్నాయి.
పాపం వాటి రాత మారలేదు,
ఇంకా కోళ్ల కిందే.