నేపథ్యంలో ధ్వని

సిరోంచ కోర్టులో నా పని
తెలుగును మరాఠీ ఒడ్డుకు దాటించడం.
మా తాత ప్రాణహిత మీద పడవ నడిపినవాడే,
కొత్త విద్యేం కాదు.

ఈసారి దాటించాల్సింది నలభయ్యొక్క సెకన్లు.
దుర్గం మల్లుబాయి ఫోన్
ఎవరూ చెప్పకుండానే దాచుకున్న మాటలు.
తునికాకు బోనస్ పడ్డ మర్నాడు
"బ్యాంకు నుంచి, హైదరాబాద్" అన్నాడు వాడు.
"అక్కా" అని నాలుగుసార్లు పిలిచాడు.
ఆమె ఆరంకెలు చెప్పింది,
కల్లంలో ఆకుకట్టలు లెక్కబెట్టినట్టు
ఒక్కోదాని దగ్గరా ఆగి.
సున్న రాగానే "గుండు" అని నవ్వింది.
ఆ నవ్వుకు మరాఠీ దొరకలేదు.
చుక్కలు పెట్టి వదిలేశాను.

గడ్చిరోలి సైబర్ సెల్ కోరెటి మేడం
ఫోన్‌ను వెండిరంగు సంచిలో వేసింది,
బయటి కబురు లోపలికి సోకకుండా.
దానిపైన ఖాకీ కవరు, లక్క, పంచుల సంతకాలు.
నకలు తీసి
అరవై నాలుగు అక్షరాల వేలిముద్ర వేయించింది.
మధ్యలో ఒక్క దగ్గు చెరిపినా
వరస మొత్తం మారిపోతుందట.
నా అనువాదానికి అలాంటి ముద్ర లేదు.
ఎవరూ అడగలేదు,
నేనూ చెప్పలేదు.

టవర్ మాత్రం అడ్డం తిరిగింది.
ఆ ఫోన్ నదికవతల, తెలంగాణలో ఉందని కాగితం.
"నేను ఇక్కడే నా రీఛార్జ్ కొట్లో ఉన్నాను,
ఆ ఫోన్ నాదెట్లయితది?" అన్నాడు కుర్రాడు.
మేడం రెండు రోజులు రేవు వెంట నడిచింది
చేతిలో ఫోన్, చంకలో నోటుబుక్కు.
ఇవతల కరెంటు పోతే
మన ఫోన్లు అవతలి టవర్‌కు వేలాడతాయి.
సిగ్నల్‌కు ఈత రానక్కర్లేదు.

నేను మళ్లీ విన్నాను.
ఇరవై తొమ్మిదో సెకను.
వాడి గొంతు వెనక, దూరంగా
"ఎండు రొయ్యలోయ్",
చివర్న చిన్న ఈల.
పెదవి చీలిన పోచం కేక అది,
సోమవారం సంతలో
ముప్పయ్యేళ్లుగా వింటున్నాను.
కాగితం మీద అప్పటికే రాసి ఉంది,
అందరూ రాసేదే:
నేపథ్యంలో అస్పష్ట ధ్వని.

కొట్టేశాను.

"ఇది అనువాదమా, సాక్ష్యమా?"
జడ్జిగారు కళ్లజోడు తీసి అడిగారు.
నా కుర్చీలోంచి లేచి
బోనులోకి ఆరడుగులు నడిచాను.
ఇన్నేళ్లలో అటు ఎప్పుడూ వెళ్లలేదు.

ఆపైన సరిచూడ్డానికి గుమాస్తా
ఆ ముద్రను పైకి చదవసాగాడు:
ఏడు, సి, సున్న, నాలుగు, ఎఫ్...
మల్లుబాయి బెంచీ దిగి వచ్చి
నా చొక్కా అంచు పట్టి లాగింది.

"గట్టిగ చదవొద్దని చెప్పు సారూ,
ఎవలన్న వింటరు."